మా అమ్మాయి జీన్ ఎడిటింగ్ అంటోంది, పంపాలా వద్దా?

ప్రశ్న: మాది గుణుపురం. ఎరువులు, విత్తనాల కొట్టు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. అమ్మాయి ప్లస్ టూ రెండో ఏడు, సైన్స్. బయాలజీ, మేథ్స్ రెండూ ఉన్నాయి. మార్కులు బాగానే వస్తాయి గానీ ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయం. డాక్టర్ని చేద్దామని నా ఆశ. ఆరు నెలలుగా జీన్ ఎడిటింగ్ అని పట్టుకుంది. ఎవరో అమెరికా సైంటిస్టు జీన్లని కోయకుండానే ఆపుతున్నాడని, మళ్ళీ నడిపిస్తున్నాడని వీడియోలో చూసిందట. క్లాసులో ఒక సవర పిల్లకి సికిల్ సెల్ జబ్బు ఉంది, అలాంటి వాళ్ళ కోసం అంటుంది. ఎవరి జబ్బు కోసమో మా పిల్ల భవిష్యత్తు పాడు చేసుకోవాలా? ఒక ప్రైవేటు యూనివర్సిటీ తరఫున ఒకాయన వచ్చి, క్రిస్పర్ స్పెషలైజేషన్‌తో జెనెటిక్ ఇంజినీరింగ్ బీటెక్ ఉంది, నాలుగేళ్ళకి 14 లక్షలు అన్నాడు. సీటు ఆపడానికి 25 వేలు కట్టాను. ఇది మంచిదా, నీట్ లాంగ్ టర్మ్ మంచిదా, ఐసర్ లాంటి కేంద్ర సైన్సు సంస్థలా? మూడూ పోల్చి చెప్పండి. పీహెచ్‌డీ అంటే ఉద్యోగం ఎప్పుడు, పెళ్ళి ఎప్పుడు అని మా ఆవిడకి నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ మెసేజ్ వచ్చిన టైము చూశాను, రాత్రి ఒంటిగంట నలభై. నిద్ర పట్టనిది మీ ఆవిడ ఒక్కరికే అంటే నేను నమ్మను.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి ఇరవై ఏళ్ళుగా వస్తూనే ఉంది. కోర్సు పేరు మాత్రం మారుతుంటుంది. ఒకప్పుడు బయోటెక్నాలజీ, తర్వాత నానో, ఆ తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఇది. అడిగేది కోర్సు గురించే, భయం మాత్రం వేరు. డాక్టరు చదువైతే ఎవరిని అడగాలో మీకు తెలుసు. చుట్టాల్లో ఒకరుంటారు, లేదా విశాఖలో ఫలానా వాళ్ళ అబ్బాయి ఉంటాడు, ఫోన్ చేస్తే ఫీజు సంగతీ హాస్టల్ సంగతీ చెప్తాడు. సైంటిస్టు అంటే మీ నాలుగు వీధుల్లో ఒక్క మనిషి కనపడడు. పిల్ల మధ్యలో ఇరుక్కుంటే ఎవరి తలుపు తట్టాలో తెలీదు. ఆ 14 లక్షల కోర్సు వైపు మీ మనసు మొగ్గింది కూడా అందుకే అనుకుంటాను. ఆ ఏజెంటు మీ కొట్టుకి వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, టీ తాగాడు, నంబరు ఇచ్చాడు. ఐసర్ వాళ్ళు ఎవరి కొట్టుకీ రారు కదా.

పోలిక చెప్తాను. ముందు ఒక మాట. మీ అమ్మాయి చూసిన ఆ వీడియో మీరు చూశారా? "ఎవరో అమెరికా సైంటిస్టు" అని రాశారంటేనే చూడలేదని తెలుస్తోంది. పిల్ల దేని మీద మనసు పడిందో తెలుసుకోకుండా పంపాలా మానాలా అని తేల్చడం, పెళ్ళికొడుకుని చూడకుండా ముహూర్తం పెట్టుకోవడం లాంటిది. కాస్త ఓపిక పట్టండి, నేను చెప్తాను.

ఆ సైంటిస్టు పేరు స్టాన్లీ చి. (చైనా ఇంటిపేరు, మన చెవికి ఇంకోలా వినపడుతుంది, నవ్వకండి.) చైనాలో పుట్టి పెరిగి అమెరికా వెళ్ళాడు, ఇప్పుడు స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. క్రిస్పర్ అంటే డీఎన్‌ఏని కోసే కత్తెర అని పేపర్లో చదివే ఉంటారు. జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే 2012లో అది ఎలా పని చేస్తుందో చూపించారు, 2020లో కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్నారు. ఆ కత్తెర పేరు కాస్9. దాని వెంట చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క ఒకటి ఉంటుంది, అడ్రసు చీటీ అనుకోండి. చీటీలో ఉన్న చోటికి వెళ్ళి కోస్తుంది. 2013లో చి, డౌడ్నా, మరికొందరు కలిసి ఆ కత్తెర రెండు అంచులూ మొండి చేసేశారు. ఇక కోయలేదు, కానీ అడ్రసు పట్టుకుని వెళ్ళగలదు. వెళ్ళి ఆ జీన్ మీద కూర్చుంటుంది. జీన్‌ని చదువుకుంటూ వచ్చే యంత్రాంగం అక్కడికి వచ్చి ఆగిపోతుంది.

మీ ఊరి రోడ్డు మీద బస్సుకి అడ్డంగా గేదె పడుకోవడం ఎన్నిసార్లు చూసి ఉంటారు? రోడ్డు ఎవరూ తవ్వలేదు, వంతెన కూలలేదు, బస్సు మాత్రం కదలదు. గేదె లేచిందంటే బస్సు వెళ్ళిపోతుంది. ఆయన చేసింది అదే, ముందు బ్యాక్టీరియాలో గట్టిగా చూపించారు. తర్వాత ఆ మొండి కత్తెరకి వేరే ప్రొటీన్లు తగిలించి జీన్ పనిని ఇంకా తగ్గించడమూ, కావాలంటే పెంచడమూ నేర్చుకున్నారు. 2021లో ఇంకొందరు చూపించిన పద్ధతిలో అయితే జీన్ మీద ఒక రసాయన గుర్తు పెట్టి వచ్చేస్తారు. పనిముట్టు పోయాక కూడా, ఒక కణం విడిపోయి రెండై నాలుగైనా, ఆ జీన్ నిద్రలోనే ఉంటుంది. డీఎన్‌ఏలో అక్షరం కూడా మారదు.

ఇదంతా దేనికంటారా? మనిషికి ప్రొటీన్లు తయారు చేసే జీన్లు 20 వేల దాకా ఉన్నాయి. కంట్లోనూ కాలేయంలోనూ అవే జీన్లు. ఎక్కడ ఏది పని చేయాలి, ఎంత చేయాలి అన్న దాంట్లోనే కన్నుకీ కాలేయానికీ తేడా. చాలా జబ్బుల్లో ఆ లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఆ సవర పిల్ల సంగతి. సికిల్ సెల్ జబ్బులో హిమోగ్లోబిన్ జీన్‌లో ఒకే ఒక్క అక్షరం తేడా ఉంటుంది. దానివల్ల ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఆ పిల్ల స్కూలు మానేసి పడుకునే నొప్పులు అవే. తల్లి కడుపులో ఉన్నప్పుడు మనందరికీ వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకి శరీరం దాన్ని దాదాపుగా ఆపేస్తుంది. ఆపే పని బీసీఎల్11ఏ అనే జీన్ చూసుకుంటుంది. 2023 నవంబరులో బ్రిటన్‌లోనూ డిసెంబరులో అమెరికాలోనూ అనుమతి వచ్చిన క్యాస్‌జెవీ అనే చికిత్స జబ్బు పడ్డ జీన్ జోలికే వెళ్ళదు. రోగి రక్త మూలకణాలని బయటికి తీసి, బీసీఎల్11ఏని ఎర్ర రక్తకణాల్లో నడిపించే స్విచ్ దగ్గర కోస్తారు. ఆపేవాడి బలం తగ్గింది కాబట్టి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. చికిత్స తీసుకున్న చాలామందికి ఆ భయంకరమైన నొప్పులు ఆగాయి. చెడిన అక్షరం మాత్రం చెడినట్టే ఉంది! దీంట్లో వాడింది కోసే కత్తెరే, చి గారి మొండి కత్తెర కాదు. అయినా జీన్‌ని బాగు చేయకుండా దాని చుట్టూ ఉన్న స్విచ్చులతో పని కానివ్వడం అన్న ఆలోచన ఒకటే. పదిహేడేళ్ళ పిల్లకి ఇది తెలిసి ఒళ్ళు పులకరించిందంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇప్పుడు టైప్ చేస్తుంటే నాకే అలా ఉంది.

అమెరికాలో ఆ చికిత్స ధర 22 లక్షల డాలర్లు. దానికి ముందు కీమో ఇచ్చి ఎముక మూలుగు ఖాళీ చేయాలి. గుణుపురంలో ఎవరికి అందుతుంది? అందుకే ఢిల్లీలోని ఐజీఐబీ అనే జీన్ల పరిశోధన సంస్థలో దెబజ్యోతి చక్రవర్తి, సౌవిక్ మైతి లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి మన దేశపు క్రిస్పర్ పద్ధతి మీద పని చేశారు. 2025 నవంబరులో కేంద్రం దాన్ని బిర్సా 101 అని ప్రకటించింది. గిరిజన వీరుడు బిర్సా ముండా పేరు ఎందుకు పెట్టారో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ప్రకటనకీ, మీ ఊరి ఆసుపత్రిలో ఒక సవర తల్లికి అది అందడానికీ మధ్య చాలా పని ఉంది. ఆ పని చేయడానికి మనుషులు ఎక్కడి నుంచి రావాలి సార్?

అందుకే మీరు రాసిన "ఎవరి జబ్బు కోసమో" అన్న మాట నాకు నచ్చలేదు. మీ గల్లాపెట్టెలో పడే డబ్బు ఎవరిది? కొండ దిగి వచ్చి యూరియా కొనుక్కునే వాళ్ళది కాదా? గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన్ని కూడా ఎవరో ఒకరు "మీకెందుకండీ ఈ గొడవ" అని అడిగే ఉంటారు. మీ పిల్ల స్నేహితురాలి నొప్పి చూసి ఒక ప్రశ్న పట్టుకుంది. తండ్రిగా గర్వపడాల్సిన చోట మీరు విసుక్కుంటున్నారు. కోపం వస్తే రానివ్వండి, ఈ మాట ఎవరో ఒకరు మీకు చెప్పాలి.

పనిలో పని, ఆ స్నేహితురాలి గురించి. ఆ పిల్ల జీన్ థెరపీ కోసం కూర్చోవక్కర్లేదు. హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది, అది కూడా ఆ చిన్నప్పటి హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది. డాక్టరు చూసి రాయాలి, మధ్యమధ్యలో రక్త పరీక్షలు చేయించాలి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు చేస్తున్నారు. ఆ ఇంటివాళ్ళకి ఈ సంగతి తెలుసో లేదో మీ అమ్మాయిని కనుక్కోమనండి.

జీన్ ఎడిటింగ్ అంటే అమెరికా, ఆసుపత్రి అనే అనుకోకండి. మీ కొట్లో సాంబ మసూరి సంచీ ఉంటుంది కదా. బాపట్లలో పుట్టిన ఆ బీపీటీ 5204నే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్ళు తీసుకుని ఒక జీన్‌ని ఎడిట్ చేశారు. కంకికి గింజలు పట్టించే హార్మోనుని కరిగించేసే ఎంజైము జీన్ అది. అది మందగిస్తే గింజలు ఎక్కువ పడతాయి. ఆ రకానికి కమల అని పేరు పెట్టి 2025 మే నెలలో ప్రకటించారు. మీరు రోజూ అమ్మే 1010 వరి నుంచి కూడా కరువునీ చౌడునీ తట్టుకునేలా ఢిల్లీ పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళు ఇంకోటి తెచ్చారు. కమల దిగుబడి 19 శాతం ఎక్కువ, పంట 15-20 రోజులు ముందే చేతికొస్తుంది అని ఐకార్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) చెప్తోంది. ఆ లెక్కల మీద వాదనలూ నడిచాయి. నా మటుకు నేను రెండు ఖరీఫ్‌లు రైతు పొలంలో చూశాకే నమ్ముతాను, మీరు కూడా చూశాకే అమ్మండి. చెప్పొచ్చేదేమిటంటే, మీ అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ దారిలో వెళ్ళినా ఈ పని దగ్గరికే రావచ్చు. ఆ పని మీకూ అర్థమవుతుంది.

ఇక ఆ బీటెక్. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. 2003లో మనిషి జీనోమ్ పూర్తయిందన్నారు. మరుసటి ఏడు ఎక్కడ చూసినా బయోటెక్నాలజీ బోర్డులే. అప్పుడే సలహాలు చెప్పడం మొదలుపెట్టిన నేను కూడా ఊగిపోయి, తెలిసిన టీచరు గారి అబ్బాయిని కొత్తగా పెట్టిన ఒక కాలేజీలో బయోటెక్ బీటెక్‌కి పంపించాను. నాలుగేళ్ళూ వాడు డీఎన్‌ఏకి కాపీలు తీసే పీసీఆర్ మెషీన్‌ని అద్దాల తలుపు అవతలి నుంచే చూశాడు. బయటికొచ్చాక రెండేళ్ళు తిరిగి తిరిగి హైదరాబాదులో మెడికల్ కోడింగ్‌లో చేరాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, నా మీద కోపమేమీ లేదంటాడు. నాకే నా మీద ఉంది. అప్పటి నుంచి కోర్సు పేరులో కొత్త మాట కనిపిస్తే ముందు అనుమానపడటం నేర్చుకున్నాను.

క్రిస్పర్ స్పెషలైజేషన్ అంటే ఏమిటో ఆ ఏజెంటుని అడిగారా? 2010-11 ప్రాంతంలో జీన్లు ఎడిట్ చేయడానికి టాలెన్ అనే పనిముట్టు గొప్పగా ఉండేది. అప్పుడెవరైనా టాలెన్ స్పెషలైజేషన్ అని పెట్టి ఉంటే పిల్లలు బయటికి వచ్చేసరికి అందరూ క్రిస్పర్‌కి మారిపోయి ఉండేవాళ్ళు. క్రిస్పర్‌లోనే 2016లో ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంగా మార్చే పద్ధతి వచ్చింది, 2019లో ఇంకోటి వచ్చింది. చి గారే 2021లో కాస్9లో సగం కూడా లేని బుల్లి పనిముట్టు తయారు చేశారు. మీ అమ్మాయి డిగ్రీ అయ్యేసరికి ఏముంటుందో నేను చెప్పలేను, ఆ ఏజెంటు అసలు చెప్పలేడు. ఇంతకీ చి గారు డిగ్రీలో చదివింది ఏమిటో తెలుసా? ఫిజిక్స్, మేథ్స్. అప్పటికి క్రిస్పర్ కోర్సు అనేదే ఎక్కడా లేదు మరి.

ఆ యూనివర్సిటీ అంతా మోసం అనడం లేదు. నాకు వాళ్ళ సంగతి తెలీదు. మీరే వెళ్ళి చూడండి. సెల్ కల్చర్ ల్యాబ్ చూపించమనండి, దాంట్లో మూడో ఏడు పిల్లలు సొంత చేత్తో పని చేస్తున్నారా అని ఆ పిల్లల్నే అడగండి, మేనేజరుని కాదు. పాఠం చెప్పే వాళ్ళలో ఈ పని స్వయంగా చేసిన వాళ్ళు ఎవరో పేరు అడగండి. ఆ పేరు చెప్పడానికి తడుముకుంటే లేచి వచ్చేయండి. మూడు రోజుల క్రిస్పర్ వర్క్‌షాప్ అని, సర్టిఫికెట్ ఇస్తామని వేలకు వేలు గుంజే వాళ్ళకీ ఇదే మాట.

నా అనుమానాలు కోర్సు దగ్గర ఆగవు. ఈ రంగం వీడియోలో కనిపించినంత మెరుపుగా ఉండదు. ఆరు వారాలు కణాలు పెంచితే ఫంగస్ పడుతుంది, అన్నీ పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి. పక్క దేశంలో ఎవరో అదే పని మూడు నెలల ముందే అచ్చు వేసుకుంటారు. మన దేశంలో జీన్ ఎడిటింగ్ పేరు మీద నేరుగా ఉద్యోగం ఇచ్చే కంపెనీలు తక్కువ. పీహెచ్‌డీ చేసిన ప్రతివాళ్ళకీ సొంత ల్యాబ్ రాదు. కొందరు మందుల కంపెనీల్లోకి, డయాగ్నస్టిక్స్‌లోకి వెళ్తారు, కొందరు పాఠాలు చెప్తారు, కొందరు విదేశం వెళ్ళి అక్కడే ఉండిపోతారు. ఇది మీ అమ్మాయికి ఇప్పుడే తెలియాలి. తెలిసి కూడా కావాలంటే అప్పుడు అది నిజంగా ఇష్టమే.

పోలిక అడిగారు కాబట్టి, నీట్ ఈ ఏడాది రాయనివ్వండి, సీటు వస్తే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, డాక్టర్లు కూడా రీసెర్చ్ చేస్తారు. రాకపోతే లాంగ్ టర్మ్ తనంతట తను అడిగితేనే. మీ కోసం ఒక ఏడాది గదిలో కూర్చోబెడితే మార్కులు రావు, పిల్ల మాత్రం మూగబోతుంది. అలాంటి వాళ్ళని నేను చాలామందిని చూశాను. బీటెక్ గురించి పైన చెప్పేశాను. నా ఓటు ఐసర్, నైసర్ దారికి. బరంపురంలోనే 2016 నుంచి ఐసర్ ఉంది, భువనేశ్వర్‌లో అలాంటిదే నైసర్ ఉంది, ఇటు వస్తానంటే తిరుపతి ఐసర్. మొదట్లో అన్ని సైన్సులూ చెప్తారు, ఆ తర్వాత జీన్లు వద్దనిపిస్తే ఇంకోటి పట్టుకోవచ్చు, 14 లక్షల కోర్సులో ఆ వీలు లేదు. మీ అమ్మాయి మేథ్స్ వదలకపోవడం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఆంధ్రలో బైపీసీ పిల్లలు మొన్నమొన్నటి దాకా ఆ ఒక్క దాని దగ్గరే ఏడ్చేవాళ్ళు. రెండూ రాకపోతే కొంప మునగదు. బరంపురం ఖల్లికోట యూనివర్సిటీలో మంచి బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీకి హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోటికి వెళ్ళిన పిల్లలు ఉన్నారు.

మీ ఆవిడకి ఈ లెక్క చదివి వినిపించండి. పీహెచ్‌డీ అంటే ఇంకో అయిదేళ్ళు మీరు ఫీజు కట్టాలనుకుంటున్నట్టున్నారు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసే వాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే వాళ్ళే నెలకి 37 వేలు ఇస్తారు, రెండేళ్ళ తర్వాత 42 వేలు, ఇంటద్దె వేరే. అంటే ఇరవై మూడేళ్ళకి తన ఖర్చు తను చూసుకుంటుంది. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్ళు, పైన పీజీ సీటు కోసం ఎదురుచూపులు, ఆ పీజీ మూడేళ్ళు కలిపితే ఇంచుమించు పీహెచ్‌డీ పూర్తయ్యే వయసే వస్తుంది. అక్కడ పెళ్ళి ఎప్పుడని మీరు అడగలేదు, ఇక్కడే అడుగుతున్నారు. పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిలకి పెళ్ళిళ్ళు అవుతున్నాయి, పిల్లలూ పుడుతున్నారు. సంబంధాల వాళ్ళు "ఇంకా చదువుతోందా" అని మొహం చిట్లిస్తే, ఆ సంబంధం పోవడమే మంచిది.

ఇంగ్లీషు గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషతో పెరిగిన పిల్ల అది. మొదటి సెమిస్టరు మూలన కూర్చుంటుంది, మూడో సెమిస్టరుకి కాంటీన్‌లో అందరితో వాదిస్తుంది. ఈ జిల్లాల పిల్లల్లో ఇది చాలాసార్లు చూశాను.

అమ్మా, ఈ జవాబు నువ్వు కూడా చదువుతావని తెలుసు. నాన్నగారికి ఆ వీడియో పెట్టి చూపించు, మధ్యలో ఆపి ఆపి తెలుగులో చెప్పు. చెప్పలేక తడబడిన చోట నీకే ఇంకా అర్థం కాలేదన్నమాట, అక్కడ మళ్ళీ చదువు. మొండి కత్తెర జీన్ మీద కూర్చుంటే ఆ జీన్ ఆగుతుంది సరే, పొరపాటున పక్క జీన్ మీద కూర్చుంటే ఏమవుతుందో నువ్వే కనుక్కుని నాకు రాయి. చాలా ల్యాబుల్లో ఇప్పటికీ ఆ ప్రశ్న మీద పని జరుగుతోంది.

సార్, ఆ 25 వేలకి రసీదు ఇచ్చారా? ఇస్తే ఈ వారంలోనే తీసుకుని వెళ్ళి వెనక్కి ఇమ్మనండి. రసీదు మీద "తిరిగి ఇవ్వబడదు" అని అచ్చు వేసి ఉన్నా అడగండి. అడ్మిషన్ ఇంకా మొదలవలేదు, క్లాసు ఒక్కటి జరగలేదు. రసీదు ఇవ్వకపోతే మాత్రం ఆ యూనివర్సిటీ గురించి నేను ఇంతసేపు రాయక్కర్లేకుండా పోయేది.